ఆహార శాస్త్రవేత్త మెక్కారిసన్

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట అను రెండు ఊళ్ళు కలవు. మేడ్చల్ నాగపూరునకు పోవు బాటమీదను, శామీర్‌పేట కరీంనగరమునకు పోవు బాటమీదను ఉన్నవి. పూర్వము ఈ ప్రాంతమున చెరువుల క్రింద వరియు, మెట్టచేలలో జొన్నయు పండించెడివారు. జొన్నరొట్టె, గటక, అంబలి సామాన్యుల నిత్యాహారము. పండుగనాడు మాత్రమే వరియన్నము వండుకొను కుటుంబములు అనేకము ఉండెను. కాలము మారెను. చేలు పెక్కు ఇండ్ల స్థలములయ్యెను. తెల్లని బియ్యము ప్రతిదినపు భోజనమును, జొన్నరొట్టె అప్పుడప్పుడు తిను వేడుక వంటకమును అయ్యెను.

ఈ శామీర్‌పేట చెంతనే, జీనోమ్ వ్యాలీ అని పిలువబడు పరిశోధనాలయముల ప్రదేశమున, ప్రయోగములకు వలయు జంతువులను పెంచుటకై భారత వైద్య పరిశోధన మండలివారి కేంద్రమొకటి కలదు. ఆ మండలికే చెందిన జాతీయ పోషకాహార సంస్థ నగరమున తార్నాకలో ఉన్నది. మనము తిను అన్నమునకు, పప్పునకు, ఆకుకూరలకు గల గుణములను కొలిచి చెప్పునది ఆ సంస్థయే. అయితే అది తెలుగునేలమీద పుట్టినది కాదు. దాని పుట్టినిల్లు నీలగిరి కొండలలోని కూనూరు. అచట ఒక్క గదిలో దానిని ప్రారంభించి, పావురములకును, ఎలుకలకును మనుష్యుల తిండి పెట్టి, ఏ తిండి వలన దేహమునకు ఏమి కలుగునో ఓపికతో కనిపెట్టిన వైద్యుడు రాబర్టు మెక్కారిసన్.

ఆయన 1878వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఐర్లండు దేశమున పోర్టడౌన్ అను పట్టణములో జన్మించెను. బెల్‌ఫాస్ట్‌లోను, డబ్లిన్‌లోను వైద్యవిద్య నభ్యసించి, 1900లో ప్రథమశ్రేణిలో పట్టము పొందెను. మరుసటి సంవత్సరము ఇండియా వైద్యశాఖలో చేరి ఓడ యెక్కెను. అప్పటి కాయన వయస్సు ఇరువదిమూడేండ్లు. మన దేశమున అడుగుపెట్టిన కొలదికాలమునకే ఆయనను వాయవ్య సరిహద్దునందలి చిత్రాల్ కోటలోనున్న పటాలమునకు వైద్యునిగా పంపిరి. అది కొండల నడుమ నున్న ఏకాంతప్రదేశము. గ్రంథాలయము లేదు, ప్రయోగశాల లేదు, సలహా చెప్పు పెద్ద వైద్యుడును లేడు. అట్టిచోట యువకులగు ఉద్యోగులు వేటతోను, పేకాటతోను ప్రొద్దుపుచ్చుట వాడుక. మెక్కారిసన్ మాత్రము ఏటేట వేసవిలో సిపాయిలకు వచ్చుచుండిన మూడునాళ్ళ జ్వరము నొకదానిని శ్రద్ధగా పరిశీలించెను. అది మలేరియా కాదని నిర్ధారించి, ఒకజాతి చిన్న ఈగ కుట్టుట వలన వచ్చుచుండవచ్చునని అనుమానించెను. అనంతరము యూరపులోని శాస్త్రజ్ఞులు ఆ అనుమానము నిజమని నిరూపించిరి.

1904లో ఆయనను గిల్గిట్‌నకు మార్చిరి. అచటి లోయలలో గళగండము, అనగా గొంతు వాచెడి రోగము, విశేషముగా ఉండెను. కొన్ని పల్లెలు ఒకదాని క్రింద ఒకటిగా ఒకే కాలువ నీరు త్రాగుచుండగా, పై పల్లెలో రోగులు తక్కువగాను, క్రిందికి పోయినకొలది ఎక్కువగాను ఉండుట ఆయన గమనించెను. నీటిలోని మాలిన్యమే దీనికి కారణమని తలచి, ఆ నీటి మడ్డిని తానును, మరికొందరును త్రాగి పరీక్షించుకొనిరి. పరులకు పెట్టబోవు విషమును ముందుగా తన నోట పోసికొను వైద్యులు అరుదు.

అయినను ఆయన ఊహ పూర్తిగా సరియైనది కాదు. నేలలోను, నీటిలోను అయొడిన్ అను ధాతువు కొరతపడుటయే గళగండమునకు ముఖ్యకారణమని తరువాత స్థిరపడెను. ఆ సంగతిని మన దేశమున తిరుగులేని విధముగా చూపినవారిలో ప్రధానుడు శ్రీకాకుళమున పుట్టిన వులిమిరి రామలింగస్వామి. ఆయన విశాఖపట్టణమున వైద్యము చదివి, మెక్కారిసన్ స్థాపించిన కూనూరు పరిశోధనాలయముననే కొంతకాలము పనిచేసెను. 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పును పంచి పరీక్ష మొదలుపెట్టెను. గురువు తప్పిన త్రోవను శిష్యపరంపర సరిదిద్దుట శాస్త్రమునందు వింత కాదు.

గిల్గిట్‌నకు ఉత్తరమున హుంజా అను చిన్న రాజ్యము ఉండెను. ఆ ప్రజలు కొండచరియలపై మెట్లుమెట్లుగా పొలములు కట్టి, గోధుమ, యవలు, చిరుధాన్యములు పండించుకొని, ఆప్రికాట్ పండ్లను పచ్చివిగాను, ఎండబెట్టియు తినుచుండిరి. కూరలు, పాలు, మజ్జిగ వారికి కలవు. మాంసము అరుదు. వారి దేహదార్ఢ్యమును చూచి మెక్కారిసన్ ఆశ్చర్యపడెను. కడుపునొప్పులు, అజీర్ణము, పేగుల రోగములు వారిలో దాదాపు కానరాలేదని వ్రాసెను. తరువాతి కాలమున కొందరు రచయితలు ఈ వృత్తాంతమును పెంచి, హుంజావారు నూటయేబదియేండ్లు జీవింతురని కథలల్లిరి. ఆ కథలకు ఆధారము లేదు. కాని ఆ కొండలలో మెక్కారిసన్ మనస్సున నాటుకొన్న ప్రశ్న మాత్రము గట్టిది. వైద్యులందరును రోగము ఎందుకు వచ్చునని అడుగుచుండగా, ఆయన ఆరోగ్యము ఎందుకు నిలుచునని అడుగ మొదలిడెను.

ఆ ప్రశ్నకు జవాబు వెదకు అవకాశము 1918లో లభించెను. కూనూరులోని పాస్చర్ సంస్థలో ఆయనకు ఒక్క గది ఇచ్చి, బెరిబెరి వ్యాధిని గూర్చి విచారింపుమని ప్రభుత్వమువారు కోరిరి.

బెరిబెరి అన్నచో ఈనాటి బాలబాలికలకు తెలియదు. తెలియకపోవుట అదృష్టమే. ఆ వ్యాధిలో మొదట కాళ్ళు తిమ్మిరెక్కి సత్తువ తప్పును. నడక తడబడును. కొందరికి ఒళ్ళంతయు నీరుపట్టి, గుండె బలహీనపడి, ప్రాణము పోవును. మన దేశమున ఈ వ్యాధికి అధికముగా లోనైనది మరెక్కడనో కాదు, తెలుగుదేశపు కోస్తా ప్రాంతమే. ఆనాడు ఉత్తర సర్కారులని పిలువబడిన ఆ జిల్లాలు పచ్చని వరిపొలములకు పేరెన్నికగన్నవి. కడుపునిండ అన్నము దొరకుచోటనే ఈ రోగము ప్రబలుట వైద్యులను కలవరపరచెను.

రహస్యము బియ్యపుగింజలో ఉన్నది. వడ్లను రోకటితో దంచినప్పుడు ఊక పోవును గాని, గింజపైనున్న ఎఱ్ఱని పొర కొంత మిగులును. ఆవిరిమరలు వచ్చిన తరువాత ఆ పొర పూర్తిగా రాలిపోయి, గింజ ముత్యమువలె తెల్లనయ్యెను. రాలిన తవుడు పశువుల పాలయ్యెను. బియ్యమును పలుమారులు కడిగి, గంజి వార్చి పారబోయుట వలన మిగిలిన సారమును పోయెను. తమిళ జిల్లాలలో వడ్లను ఉడికించి ఎండబెట్టి మరపట్టుచుండిరి. ఉడికినప్పుడు పొరలోని సారము కొంత గింజలోనికి దిగును. అందుచేత ఉప్పుడు బియ్యము తినువారికి బెరిబెరి అరుదు. సర్కారులలో ప్రజలకు పచ్చి వడ్లను మరపట్టిన బియ్యమే రుచి. ఆ రుచికి వారు కాళ్ళతోను, ప్రాణములతోను వెల చెల్లించిరి.

ఇది మెక్కారిసన్ ఒక్కడే కనిపెట్టినది కాదు. జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము తిన్న కోళ్ళు కాళ్ళుచచ్చి పడిపోవుటయు, తవుడు పెట్టగా లేచి తిరుగుటయు అంతకుముందే చూచెను. 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి సూక్ష్మపదార్థములకు విటమిన్ అను పేరు పెట్టెను. మెక్కారిసన్ పావురములకు తెల్లబియ్యము పెట్టి, వాని దేహములోని ప్రతి అవయవమునకు కలుగు మార్పును తూచి వ్రాసెను. నోరిస్ అను సహచరునితో కలిసి, బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి 1924లో గ్రంథమొకటి ప్రకటించెను. కోతులకు సారహీనమైన తిండి పెట్టగా వాని పేగుల గోడలు పలుచబడి, అజీర్ణమును, విరేచనములును కలుగుట ఆయన చూచెను. తిండి చెడినచో మొదట చెడునది పేగు అను విశ్వాసము ఆయనకు ఈ ప్రయోగములవలన దృఢపడెను.

పని సాగుచుండగా, 1923లో ప్రభుత్వమువారు పొదుపు పేరిట ఈ విచారణను ఆపివేసిరి. గదికి తాళము పడెను. ప్రజలు తిను అన్నమును గూర్చిన పరిశోధనకు సొమ్ము లేదనుట ఆ పాలకుల స్వభావమును తెలుపుచున్నది. మెక్కారిసన్ నిరాశపడి వదలివేయలేదు. రెండేండ్లకు, 1925లో, పని మరల మొదలయ్యెను. 1928 నాటికి ఆ గదియే పోషణ పరిశోధనాలయములుగా పెరిగెను. ఆయన దానికి తొలి సంచాలకుడు.

కూనూరులో ఆయన చేసిన ప్రయోగములలో ఒకటి ఇప్పటికిని చెప్పుకొనదగినది. ఒకే వయస్సు, ఒకే తీరు గల ఎలుకపిల్లలను ఏడు గుంపులుగా విభజించెను. ఒక గుంపునకు సిక్కుల భోజనము, ఒక దానికి పఠానుల భోజనము, తక్కినవానికి మహారాష్ట్రుల, గూర్ఖాల, కన్నడిగుల, వంగీయుల, మదరాసీల భోజనములు పెట్టించెను. ఆనాడు మదరాసీలన్నచో తెలుగువారును, తమిళులును చేరిన మాటయే. అన్నియు ఒకే గాలి పీల్చెను, ఒకే నీరు త్రాగెను. తిండి ఒక్కటియే వేరు. కొంతకాలమునకు తూచి చూడగా, సిక్కు భోజనము తిన్న ఎలుక సగటున 235 గ్రాములు తూగెను. మదరాసీ భోజనము తిన్నది 155 గ్రాములు మాత్రమే తూగెను.

సిక్కు భోజనమన్నచో తీయని పొట్టుతో కూడిన గోధుమపిండి రొట్టె, పాలు, వెన్న, మొలకెత్తిన సెనగలు, పచ్చి కూరలు, వారమున కొకసారి కొంచెము మాంసము. మదరాసీ భోజనమన్నచో ముఖ్యముగా తెల్లబియ్యము. పాలు బహు స్వల్పము.  ఎలుకలకు కులము లేదు, దేశము లేదు. తేడా జాతిలో లేదని, విస్తరిలోనున్నదని ఆ తక్కెడయే చెప్పెను. పాలును, వెన్నయు కొనలేని బీదవానికి అవి తినుమని చెప్పుట వలన ప్రయోజనము లేదన్న సంగతి మాత్రము ఎలుకల బోనులో తెలియదు. మెక్కారిసన్ దానిని ఎరుగును. 1926 మొదలు 1928 వరకు పనిచేసిన వ్యవసాయపు రాజసంఘమువారి ఎదుట సాక్ష్యమిచ్చినప్పుడు, దేశమునకు పంటల రాశి ఒక్కటియే చాలదని, ఆ పంటలలోని సారమును చూడవలెనని ఆయన వాదించెను. కోయంబత్తూరులో వ్యవసాయ రసాయనికుడుగానుండిన భాగవతుల విశ్వనాథ్‌తో కలిసి, పశువుల ఎరువు వేసిన చేని గింజకును, వేయని చేని గింజకును గల భేదమును కూడ పరీక్షించెను.

మరియొక ప్రయోగమున ఆయన వెయ్యికి పైగా ఎలుకలను సిక్కు భోజనముమీద రెండేండ్లకు మించి పెంచెను. పెద్దవానిలో ఒక్కటియు రోగముచేత చావలేదు. వేరొక గుంపునకు ఇంగ్లండులోని బీదకూలీల తిండి పెట్టెను. తెల్లరొట్టె, కృత్రిమపు వెన్న, తీయని తేనీరు, ఉడికి చప్పబడిన కూర, డబ్బాలోని మాంసము. ఆ ఎలుకలు ఎదుగలేదు. కాపరులను కరచెను. తుదకు తమలో బలహీనమైనవానిని చంపి తినసాగెను. ఏలినవారి దేశపు తిండికిని, ఏలబడువారి తిండికిని ఆయన ఒకే తక్కెడ పట్టుట గమనింపదగినది.

1928లో ఆయన పాఠశాలల ఉపయోగార్థము ఆహారమును గూర్చి చిన్న పుస్తకమొకటి వ్రాసెను. పెద్ద పరిశోధకులు చిన్నవారికి పుస్తకములు వ్రాయుట అరుదు. ధాన్యమును పొట్టుతో తినుట, ఆకుకూరలు, పండ్లు, పాలు ప్రతిదినము పుచ్చుకొనుట అందలి ఉపదేశములు. 1933లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదము నిచ్చెను. 1935లో ఆయన ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరెను. ఆయన స్థానమున వచ్చిన ఎక్రాయిడ్, సహచరులతో కలిసి భారతదేశపు బియ్యము సమస్యను గూర్చి 1940లో విపులమైన గ్రంథము ప్రకటించెను. మెక్కారిసన్ ఆక్స్‌ఫర్డ్‌లో నివసించుచు, 1945 మొదలు పదియేండ్లు అచట వైద్యపట్టభద్రుల ఉన్నతవిద్యకు అధిపతిగానుండెను. 1958లో కూనూరు పరిశోధనాలయమును హైదరాబాదునకు తరలించిరి. మరి రెండేండ్లకు, 1960 మే 18వ తేదీన, ఆయన కన్నుమూసెను. 1969లో ఆ సంస్థకు జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చెను.

ఇంతటితో ఆయన జీవితము ముగిసినను, ఆయన మొదలిడిన పని ముగియలేదు. పొట్టును పారవేయరాదని ఆయన చెప్పినది విటమిన్లను, ఖనిజ లవణములను దృష్టిలో నుంచుకొని. ఆ పొట్టులో మరియొక వస్తువు కలదు. అది పీచు. దేహమునకు పట్టని చెత్తయని తలచి, ఆనాటి శాస్త్రజ్ఞులు దానిని లెక్కలోనికి తీసికొనలేదు. మెక్కారిసన్ కూడ దాని పనిని పూర్తిగా ఎరుగడు. 1966లో ఇంగ్లండున ఆయన పేరిట ఒక సంఘము ఏర్పడెను. ఆ కాలముననే ఉగాండా దేశమున పనిచేసిన బర్కిట్, ట్రోవెల్ అను వైద్యులు, ఆఫ్రికా పల్లెప్రజలలో కొన్ని రోగములు అరుదుగా ఉండుటకు వారి తిండిలోని పీచు కారణమై ఉండునని ఎలుగెత్తి చెప్పిరి. అప్పటి నుండి పీచునకు గౌరవము కలిగెను.

పీచు చేయు పని ఎట్టిదో తెలిసికొనవలెనన్నచో, మనము తిన్న అన్నము ఏమగునో ముందు తెలియవలెను. అన్నములోని పిండిపదార్థము చిన్నపేగులో కరగి, గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో కలియును. ఆరోగ్యవంతునకు పరగడుపున నూరు మిల్లీలీటర్ల రక్తములో చక్కెర సుమారు 70 మొదలు 100 మిల్లీగ్రాముల వరకు ఉండును. భోజనము చేసిన వెంటనే అది పెరుగును. అప్పుడు క్లోమగ్రంథి ఇన్సులిన్ అను రసమును విడుచును. ఇన్సులిన్ ఆ చక్కెరను కండరములలోనికి పంపి, రక్తమును మరల పూర్వస్థితికి తెచ్చును. ఏరు మెల్లగా పారినచో తూము దానిని సులభముగా పంచును. ఒక్కసారిగా వరద వచ్చినచో తూమునకు పని యెక్కువ. తెల్లని మెత్తని తిండి వరదవంటిది.

పీచును మన పేగులు అరిగించుకొనలేవు. అయినను ఊరకుండదు. మెంతులను నానబెట్టినప్పుడు జిగురు వచ్చుట చూచియే యుందురు. అట్టి జిగురు పీచు కడుపులోని తిండిని చిక్కబరచి, మెల్లమెల్లగా పేగులోనికి దింపును. చక్కెర రక్తములో నిదానముగా కలియును. ఇన్సులిన్ తక్కువగా చాలును. మన గోరుచిక్కుడు గింజలనుండి తీసిన జిగురును ఆరోగ్యవంతులకు చక్కెర నీటితో కలిపి యిచ్చి, జెంకిన్స్ మొదలగు శాస్త్రజ్ఞులు 1970 దశకమున ఈ సంగతిని ఇంగ్లండులో పరీక్షించిరి. జిగురు ఎంత చిక్కనైనచో రక్తములోని చక్కెర అంత తక్కువగా పెరిగెను. గోధుమ తవుడు వంటి గరుకు పీచు మాత్రము చక్కెరను అంతగా తగ్గింపదు. దాని పని పేగులలో మలమును కదలించుట. పీచులన్నియు ఒక్క తీరువి కావు.

ఆకలి సంగతి మరియు వింతైనది. 1977లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున హీటన్ మొదలగు వైద్యులు పదిమంది ఆరోగ్యవంతులను పిలిచి, ఒకనాడు ఆపిల్ పండ్లను, ఒకనాడు అవే పండ్లను మెత్తగా నలిపిన గుజ్జును, మరియొకనాడు పీచు తీసిన రసమును ఇచ్చిరి. మూటిలోను పిండిపదార్థము, చక్కెర కలిసి 60 గ్రాములే. పండ్లు తినుటకు పట్టిన కాలములో పదునొకండవ వంతు కాలముననే రసము త్రాగవచ్చును. రసము త్రాగినవారికి కడుపు నిండినట్లు తోచలేదు. గుజ్జు కొంత మేలు. పండు తిన్నప్పుడే ఎక్కువ తృప్తి కలిగెను. మూటి వలనను రక్తములోని చక్కెర ఇంచుమించు సమానముగానే పెరిగెను. కాని రసము త్రాగిన తరువాత ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, చక్కెర పరగడుపు స్థితికంటె క్రిందికి దిగెను. పండు తిన్నప్పుడు అట్లు జరుగలేదు. నమలుటకు కాలము పట్టుట, కడుపులో చోటు నిండుట, తిండి నిదానముగా కదలుట, ఇవి మెదడునకు చాలునన్న వర్తమానము పంపును. పండులో ఉన్నదే రసములోను ఉన్నది, పీచు తప్ప.

అదే హీటన్ 1988లో గోధుమలను గింజగాను, రవ్వగాను, ముతకపిండిగాను, మెత్తనిపిండిగాను పెట్టి చూచెను. మెత్తనైనకొలది ఇన్సులిన్ ఎక్కువ కావలసివచ్చెను. పీచు గింజలో ఉన్నంతమాత్రమున చాలదు. అది పిండిని గోడవలె కాచియుండవలెను. తిరుగలిలో విసరిన ముతకపిండికిని, మర ఆడించిన మెత్తనిపిండికిని భేదమిదియే.

హైదరాబాదు సంస్థవారును ఈ పనిలో వెనుకబడలేదు. 1980 దశకమున వారు మెంతులను ఆరోగ్యవంతులకును, మధుమేహ రోగులకును ఇచ్చి, రక్తములోని చక్కెర పెరుగుదల తగ్గుటను ప్రకటించిరి. మెంతులలో ఇంచుమించు సగము పీచే. మన అవ్వలు మజ్జిగలో మెంతులు నానబెట్టుట లెక్కలు చూచి కాదు. ఆ లెక్కలు తార్నాకలో తేలినవి. మెంతులు మందుకు మారు కావు. రోగి వైద్యుని మాట వినవలసినదే. పీచును ఒక్కసారిగా ఎక్కువ తిన్నచో కడుపుబ్బును. అలవాటు మెల్లగా చేసికొని, నీరు తగినంత త్రాగవలెను. పెద్దవారు దినమునకు కనీసము 25 గ్రాముల పీచు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించెను.

2017లో ఆ సంస్థవారు భారతదేశపు ఆహారపదార్థముల పట్టికను ప్రకటించిరి. దేశమున పలుచోట్లనుండి ధాన్యములు, పప్పులు, కూరలు తెప్పించి, ఒక్కొక్కదానిని పరీక్షించి వ్రాసిన గ్రంథమది. మెక్కారిసన్ పావురములకు పెట్టిన తెల్లబియ్యము వంటిది అందులో నూరు గ్రాములకు మూడు గ్రాములకంటె తక్కువ పీచుతో నిలిచినది. మరపట్టి తెల్లగా చేయని బియ్యమునకు నాలుగున్నర గ్రాముల వరకు కలదు. సజ్జకును, రాగికిని పదునొకండు గ్రాములకు పైగా కలదు. మేడ్చల్, శామీర్‌పేట మెట్టచేలలో ఒకప్పుడు పండుచుండిన జొన్నకు పది గ్రాములు.